సీబ్ నుంచి సోహార్‌కి, ఒడిలో బేస్‌బాల్ కార్డుల డబ్బా

నాన్న పేరు, ఆయన పనిచేసే కంపెనీ పేరు ఇందులో రాయను. ఇది చదివేవాళ్లలో మా అమ్మను ఎరిగినవాళ్లుంటే దయచేసి ఆవిడ దగ్గర ఈ మాట ఎత్తకండి. ఒమాన్‌లో, సీబ్‌లోని మా వీధిలో తెలుగు ఇల్లు మాదొక్కటే. నాన్న కంపెనీ కాంట్రాక్టు అయిపోయింది. నెలాఖరులోగా ఇంకో కంపెనీ తీసుకోకపోతే వీసా ఉండదు, ముగ్గురం సామాను కట్టుకుని ఇండియా వెళ్లిపోవాలి. పదో తరగతి మధ్యలో నన్ను ఏ స్కూల్లో వెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలీదు. అలాంటప్పుడు పక్కింటి హెలెన్ ఆంటీ అమెరికా వెళ్లిపోతూ నా చేతికి ఒక బిస్కెట్ డబ్బా ఇచ్చింది. దాన్ని సోహార్ దగ్గర రాగి ఖనిజం వెతికే క్యాంపులో ఉన్న వాల్టర్ అనే జియాలజిస్టుకి స్వయంగా అందించమంది. ఆ క్యాంపుకి స్టోర్‌కీపర్ కావాలట, నాన్న గురించి ఆయనతో చెప్పిందట. మా ప్రయాణానికి కారణం అదీ.

డబ్బాలో ఉన్నవి బేస్‌బాల్ కార్డులు, అవి పోగుచేసే వాల్టర్ గారికి ఆంటీ ఇస్తున్న కానుక. బేస్‌బాల్ అంటే కర్రతో బంతిని కొట్టి పరిగెత్తే ఆట, మన క్రికెట్‌కి దూరపు చుట్టం అనుకోండి. హెలెన్ ఆంటీ వాళ్ల నాన్న కాల్చిన సిగరెట్ పెట్టెల్లో ఒక్కో కార్డు వచ్చేదట. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ముందువైపు రంగుల్లో అచ్చేసిన ఆటగాడి బొమ్మ, వెనక సిగరెట్ ప్రకటన. మెత్తటి సిగరెట్లు నలిగిపోకుండా పెట్టెలో ఒక అట్టముక్క పెట్టేవాళ్లట, ఆ అట్ట ఖాళీగా ఎందుకని బొమ్మ వేశారట. పెద్దవాళ్లు సిగరెట్ తీసుకుని కార్డు పారేసేవారు, వీధిలో పిల్లలు ఏరుకునేవారు. ఆంటీ చిన్నతనానికి కార్డులు సిగరెట్లతో కాక చూయింగ్ గమ్‌తో వచ్చేవి. ఆవిడకి ఆ కార్డుల మీద ఇష్టం గమ్ వాసనతోనే మొదలైందని చెప్పింది. ఒకటి దొరికితే దాని జతగాడు కావాలనిపిస్తుంది, అతనూ దొరికితే మొత్తం జట్టు కావాలనిపిస్తుంది, అంతే, ఇంక బయటపడలేం అని నవ్వింది. చివరికి ఒక్కటే జాగ్రత్త చెప్పింది. కార్డుని అంచులతో పట్టుకో, మూలలు మాత్రం ముట్టుకోవద్దు, దాని ప్రాణమంతా ఆ నాలుగు మూలల్లోనే ఉంటుంది అని. ఈ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు ఏదైనా తెలిస్తే లోపల దాచుకోవడం అలవాటు.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. సోహార్‌కి టాక్సీ దొరుకుతుంది కానీ, వెళ్లేటప్పుడు మాకు ఖాదర్ మామ బండి కుదిరింది. ఆయనది కడప, క్యాంపుకి వారానికోసారి కూరగాయలూ మాంసమూ తీసుకెళ్లే పికప్ డ్రైవరు. పెట్రోలుకి డబ్బులిస్తానని నాన్న అంటే ఆయన వినిపించుకోలేదు. గుమ్మం దగ్గర అమ్మ డబ్బాను నా ఒడిలో పెట్టి, అంతా నేను చూసుకున్నాలే, ఈసారి పని అవుతుంది అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

రోడ్డు కొత్తది, నల్లగా నున్నగా ఉంది. కుడివైపు సముద్రం ఖర్జూరం తోటల సందుల్లోంచి కనపడుతూ మాయమవుతూ ఉంటుంది, ఎడమవైపు దూరంగా బూడిదరంగు కొండలు దారి పొడవునా వెంటే వస్తాయి. సీబ్ నుంచి సోహార్‌కి ఆగుతూ వెళ్తే నాలుగు గంటలు పట్టింది. ఈ రోడ్డు పడకముందు ఇసుకలో టైర్లలో గాలి తీసి బండి నడిపేవాళ్లమని, వాదీలో, అంటే ఎండిన వాగులో, నీళ్లొస్తే ఒడ్డునే రెండు రోజులు పడుకునేవాళ్లమని ఖాదర్ మామ కథలు చెప్పారు. నాన్న మామూలుగా ఇలాంటి కథలకు పది ప్రశ్నలు వేస్తారు. ఆ రోజు ఊ కొట్టడమే.

బర్కాలో టీకి ఆగాం. పాలు లేని సులేమానీ టీ, వేడి పరాఠా, ముగ్గురికీ కలిపి అర రియాల్ కూడా కాలేదు. వాళ్లిద్దరూ కొట్టు ముందు నిలబడ్డారు, నేను బండిలోనే ఉండి డబ్బా మూత తీశాను. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక ఆటగాడి బొమ్మ నాకు ఇష్టం, ఇచ్చేలోగా ఇంకోసారి చూద్దామనిపించింది. పైన ఉన్నది అదే. దాని నాలుగు మూలలూ పచ్చగా ఉన్నాయి.

పసుపు. దాని కిందిదీ అంతే. ఇంకో కార్డు, ఇంకో కార్డు, అడుగు దాకా అన్నీ. పెళ్లి శుభలేఖకి పెట్టినట్టు, కొత్త చీరకి పెట్టినట్టు, నా పరీక్ష హాల్ టికెట్టుకి పెట్టినట్టు అమ్మ ప్రతి కార్డుకీ నాలుగు మూలలా తడి పసుపు పెట్టింది. కొన్నింటి మీద ఆవిడ బొటనవేలి గీతలు కూడా కనపడుతున్నాయి. చున్నీ అంచుతో ఒకదాన్ని తుడిచాను, మచ్చ ఇంకొంచెం లోపలికి పాకింది. నాన్న టీ గ్లాసు పట్టుకుని నావైపు చూస్తున్నారు. మూత పెట్టేసి రోడ్డు వైపు తిరిగాను. అక్కణ్ణుంచి సువైక్, సహమ్ ఎప్పుడు దాటామో తెలీదు. ఈ దారి అందాల గురించి ఇంకెవరినైనా అడగండి.

ఊరు దాటాక మట్టిదారిలో కొండల వైపు వెళ్తే క్యాంపు వస్తుంది. రేకుల గదులు, డ్రిల్లింగ్ యంత్రాలు, వరసగా పేర్చిన రాళ్ల పెట్టెలు. వాల్టర్ గారు సైట్ నుంచి రావడానికి ఇంకా టైముంది. వంటాయన మమ్మల్ని మెస్‌లో కూర్చోబెట్టాడు. పేరు రాజయ్య, కరీంనగర్ వైపు మనిషి. సైట్ పనికి వచ్చి, చేతివంట బాగుందని ఇక్కడే ఆగిపోయాడట. అన్నం, పప్పు, ఎండుచేప వేపుడు పెట్టాడు. నేను తినడంలేదని చూసి, "తిను బిడ్డా, సాబ్ ఏం పులి కాదు" అన్నాడు. తర్వాత నా ఒళ్లో డబ్బా చూశాడు, అందులో ఏం వస్తున్నాయో అతనికి ముందే తెలుసట.

"గా బొమ్మలేనా? సాబ్‌కు గవ్వంటె పానం. ఊడ్వనీకి పోతె గూడ ఆ టేబుల్ దిక్కు రావద్దంటడు. ఒకపారి డ్రైవర్ చాయ్ కప్పు పెట్టిండు ఒక బొమ్మ మీద. మూల జర నానింది. సాబ్ మూడు దినాలు బువ్వ సక్కగ తినలే."

ఖాదర్ మామ నవ్వుతూ, "ఏం రాజన్నా, పాపను బెదిరిస్తాండావే" అన్నారు. రాజయ్య, "ఉన్నదే చెప్పిన" అని పప్పు గిన్నె సర్దుకున్నాడు. నాన్న నవ్వలేదు.

వాల్టర్ గారు పొడుగ్గా, ఎండకి ఎర్రబడ్డ మెడతో ఉన్నారు. చేతులు రెండుసార్లు కడుక్కుని, తుడుచుకుని, టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచారు. డబ్బా ముందుపెట్టుకుని వెంటనే తెరవలేదు. చిన్నప్పుడు తన దగ్గరా ఇలాంటి పెట్టె ఉండేదన్నారు. యుద్ధానికి వెళ్లి తిరిగొచ్చేసరికి వాళ్లమ్మ గది శుభ్రం చేస్తూ అన్నీ చెత్తలో వేసేసిందట. ఆవిణ్ణి ఏమీ అనలేకపోయారట. తర్వాత తెలిసిందట, ఆ వయసువాళ్ల అందరి తల్లులూ అదే పని చేశారని. ఇప్పుడు అమెరికాలో బట్టతల వచ్చిన మగాళ్లు హోటల్ హాళ్లలో టేబుళ్లు వేసుకుని, అమ్మలు పారేసినవాటిని ఒకరి దగ్గర ఒకరు వెతుక్కుంటున్నారని నవ్వారు. అందరూ పారేశారు కాబట్టే మిగిలినవాటికి ఇంత విలువట. ఆట మీద ఇష్టంతో మొదలుపెట్టినవాళ్లు తక్కువ, పోయింది తిరిగి కావాలని మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ అన్నారు. ఆయన అలా ఇష్టంగా చెప్తుంటే నేను డబ్బా మూత వైపే చూస్తున్నాను.

మూత తీశారు. చేతిలోకి తీసుకున్న కార్డుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఇంకోటి తీశారు. తర్వాత వేగంగా, పేక ముక్కలు విప్పినట్టు అన్నీ గుడ్డ మీద పరిచారు. తెల్లగుడ్డ మీద ఆ పచ్చ మూలలు ఎంత స్పష్టంగా కనపడ్డాయో చెప్పలేను. ఆయన ముఖంలో కోపం రాలేదు, అంతకంటే ఘోరంగా, చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది.

"ఇది ఎవరు చేశారు?" అని మెల్లగా అడిగారు.

నేను నోరు తెరిచాను. నేనే చేశానని చెప్పాలనుకున్నాను, పిల్లనని వదిలేస్తారేమోనని. అప్పటికే నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నేనే సర్. మా ఆచారం. మంచి వస్తువుని ఒకరికి ఇచ్చేముందు నాలుగు మూలలా పసుపు పెడతాం, వాళ్లకి మేలు జరగాలని. నిన్న స్నానం చేసి, ఒక్కొక్కటీ విడిగా తీసి, బొటనవేలితో పెట్టాను. వీటికి పెట్టకూడదని నాకు తెలీదు. తప్పు నాది."

నాన్న అబద్ధం ఆడగా నేను ఎప్పుడూ వినలేదు. అదీ ఇంగ్లిష్‌లో, ఒక్క తడబాటు లేకుండా. పైగా స్నానం, బొటనవేలు, అన్నీ ఎదురుగా చూసినట్టు చెప్పారు. అమ్మ పెడుతుండగా ఆయన చూశారని అప్పుడు తెలిసింది నాకు.

వాల్టర్ గారు కార్డులన్నీ ఒక్కొక్కటే డబ్బాలో పెట్టారు. ఇవి ఇక ఎవరికీ చూపించలేను అన్నారు, మాతో కాదు, తనలో తాను. కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు. వెళ్లిపోదామని నేను నాన్న చొక్కా లాగాను. ఆయన కదల్లేదు. చివరికి వాల్టర్ గారు ఇటు తిరిగారు. పోయినేడాది ముగ్గురు స్టోర్‌కీపర్లు మారారని చెప్పారు. డ్రిల్ బిట్ విరిగితే డ్రైవరు మీద, డీజిల్ తగ్గితే ఎండ మీద, కాగితం పోతే ఎలుకల మీద నెపం వేసేవాళ్లట. 'నేను చేశాను' అన్న మాట ఈ క్యాంపులో మొదటిసారి విన్నానన్నారు.

"ఈ కార్డుల సంగతి నేను మర్చిపోను. కానీ అబద్ధం చెప్పని మనిషి నాకు కావాలి. ఒకటో తారీఖున డ్యూటీలో చేరండి."

నాన్న థాంక్యూ అన్నారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు.

తిరిగి రావడానికి ఖాదర్ మామ సోహార్ బజారు దాకా దింపారు. కోటకి దగ్గర్లో టాక్సీలు ఆగుతాయి, డ్రైవరు మనిషికి ఒకటిన్నర రియాల్ అడిగాడు. మాతోపాటు ఉన్న ఇద్దరు ఒమానీ పెద్దమనుషులు ముందు సీట్లో కూర్చున్నారు. బండి కదిలాక నాన్నను అడిగాను, చూసి ఎందుకు ఆపలేదని. "నేను చూసేసరికి సగం పెట్టేసింది. వీసా కోసం మొక్కుకుంటూ పెడుతోంది, ఏమని ఆపను" అన్నారు. మూలల సంగతి ఆయనకు తెలీదట. మరి అది తప్పని ఎప్పుడు తెలిసిందని అడిగాను. "బర్కాలో. నీ మొహం చూశాక" అన్నారు.

అంటే నాలాగే ఆయనా ఆ దారంతా ఆ భయాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చారు. పక్కపక్కనే కూర్చుని ఒకరికొకరం చెప్పుకోలేదు. ఇంటికి వచ్చి ఉద్యోగం సంగతి చెప్తే అమ్మ దేవుడి పటాల వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, పసుపు ఊరికే పోతుందా అంది. మేమిద్దరం అవునన్నాం. ఇప్పుడు నాన్న క్యాంపులోనే ఉంటారు, వారానికోసారి వస్తారు, నేను అదే స్కూలుకి వెళ్తున్నాను. అనుకున్నదే జరిగింది. కానీ అబద్ధం చెప్పని మనిషి అని నాన్నకు పేరు తెచ్చిపెట్టిన ఒక్క అబద్ధం మీద మా ఇల్లు నిలబడి ఉందని నాకు తెలుసు. వాల్టర్ గారు ఏదో ఒక రోజు సీబ్ వచ్చి, మా ఇంట్లో భోజనానికి కూర్చుంటే, అమ్మ వడ్డిస్తూ గొప్పగా ఆ పసుపు సంగతి చెప్తుందేమోనని నాకు భయం. గేటు దగ్గర ఏ బండి ఆగినా ముందు నేనే వెళ్లి చూస్తున్నాను.

సోహార్ వెళ్లేవాళ్లకు ఒక్కమాట. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం తర్వాతైతే వెనక సీట్లో ఎడమవైపు చోటు అడగండి, ఆ పక్క సముద్రం గాలి ఉంటుంది. కుడివైపు ఎండ సీబ్ దాకా మొహం మీదే ఉంటుంది. నాన్న నన్ను ఎడమవైపు కూర్చోబెట్టి, తను కుడివైపు కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు కానీ నిద్రపోలేదు, ఒక్కసారి కూడా ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.