కదిలే చదువు

మా మనవరాలు డిగ్రీ మొత్తం బస్సులోనే చదివింది. మొత్తం అంటే కాస్త ఎక్కువే. లైబ్రరీకి కూడా రెండుసార్లు వెళ్లింది, అందులో ఒకసారి మర్చిపోయిన గొడుగు కోసం. వాళ్ల యూనివర్సిటీకి మూడు క్యాంపస్‌లు. పొద్దున లెక్కల క్లాసు ఒకచోట, మధ్యాహ్నం ల్యాబ్ ఇంకోచోట, నడుమ యూనివర్సిటీ బస్సులో గంట ప్రయాణం. కిటికీ పక్క సీట్లో చెప్పులు విడిచి, మఠం వేసుకుని, పెన్సిలు జడలో గుచ్చుకుని చదివేది. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక సూత్రం, వంతెన మీద ఇంకో సూత్రం బుర్రకెక్కేవి. ఇంట్లో కుర్చీలో కూర్చోబెడితే మాత్రం ఆవలింతలే.

చిక్కంతా ఆఖరి పరీక్షలో వచ్చింది. అది తప్పితే ఏడాది పోతుంది. హాల్లో కుర్చీ కదలదు, కుర్చీ కదలకపోతే బుర్ర కదలదు. అరగంట తెల్ల కాగితం వంక చూసి చూసి, చివరికి రబ్బరు ముక్కను కుర్చీ కాలి కింద పెట్టి మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. అంతే, మలుపు వచ్చినట్టు పక్కకి ఒరుగుతూ చకచకా రాసేస్తోంది. కాపలా ఉన్న మాస్టారు దగ్గరికొచ్చి, "ఏంటమ్మా ఆ ఊగడం?" అన్నారు.

"వంతెన ఎక్కాను సార్, ఒక్క నిమిషం!"

ఆయనా రోజూ ఆ బస్సులో వచ్చేవారే. "కానీ, కానీ. స్టాపు వచ్చేలోపు రాసెయ్," అని ముందుకు వెళ్లిపోయారు.

ఫస్ట్ క్లాసులో పాసైంది. ఇదంతా రాసి తనకి చదివి వినిపిస్తే మూతి ముడిచింది.

"పచ్చి అబద్ధం తాతయ్యా! వంతెన మీద నేనెప్పుడూ చదవలేదు. అక్కడ బస్సు అసలు ఊగదు."