పూలప్ప జేబులో థర్మామీటరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, నేను చెప్తే రాయికైనా అర్థమవుతుందని. నర్సింగ్ ముగించి హోసూరులో ఒక ఆసుపత్రి క్యాన్సర్ వార్డులో కొత్తగా చేరినాను. కీమో ఎక్కించుకొని ఇంటికి పోయేవాళ్లకు జాగ్రత్తలు చెప్పే పని నాది. బొమ్మల అట్ట ఒకటి పట్టుకొని తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి దంచేదాన్ని. (మూడిట్లో ఒకటీ సరిగా రాదనేది మా పెద్ద సిస్టరు.)

బాగలూరు పక్కనుంచి ఒక జంట వచ్చేవాళ్లు. చేమంతి తోట వాళ్లది, అందుకని మొగుణ్ణి మేమంతా పూలప్ప అనేవాళ్లం. జబ్బు ఆయమ్మకు, పాఠం మాత్రం పూలప్పకు. వాంతులైనాయా అంటే ఆయప్పే జవాబు, నిద్ర పట్టిందా అన్నా ఆయప్పే. ఆయమ్మ కొంగు సర్దుకొని గోడ చూస్తా కూర్చునేది. నాకేమో అంత మంచి శిష్యుడు దొరికినాడని సంబరం. జొరం నూరు దాటితే ఏం చేయాలంటే లేచి చేతులు కట్టుకొని, "మాత్ర మింగకూడదు, ఆ గడియే ఆసుపత్రికి రావల్ల" అని ఎక్కం మాదిరి అప్పజెప్పేవాడు. నేనిచ్చిన థర్మామీటరును పెన్ను మాదిరి చొక్కా జేబులో పెట్టుకొని తిరిగేవాడు. ఈయప్పను చూసి నేర్చుకోండని వార్డంతా చాటినాను కూడా.

మూడో కీమో అయిన వారానికి ఆయమ్మను ఆటోలో తెచ్చినారు, తెలివి లేకుండా. పండగ పూలు అమ్మేదానికి పూలప్ప బెంగళూరు పోయి రెండు దినాలు ఆడే ఉండిపోయినాడంట, జేబులో థర్మామీటరుతో సహా. ఇంట్లో ఆయమ్మ చలికి వణికి, అంగట్లో జొరం మాత్ర తెప్పించుకొని మింగి పడుకుంది. మాత్రకు జొరం అణిగింది గానీ, కీమోతో బలం తగ్గిన ఒంట్లో విషం రక్తానికెక్కింది. పూలప్ప వచ్చి, నేనడక్కనే పాఠమంతా మళ్లీ అప్పజెప్పినాడు, ఏడుస్తా. ఒక్క ముక్క తప్పు పోలేదు.

ఎట్లో బతికింది. మిగిలిన కీమో నెలపైన వెనకబడింది, మనిషి కూడా మునుపటి మాదిరి కాలేదు. కాస్త తేరుకున్నాక, సిగ్గులేకుండా నేనే గదమాయించినాను, అన్ని సార్లు చెప్పినాను గదమ్మా, మాత్ర ఎందుకు మింగినావని.

"నాకు యాడ చెప్పినావమ్మా? మా ఇంటాయనకు గదా చెప్పినావు."

కోపంగా కూడా అనలేదు. అన్ని నెలల్లో ఆయమ్మ గొంతు నేను విన్నది అదే మొదలు. ఆ తప్పు నాది, పూలప్పది కాదు.

అప్పట్నుంచి థర్మామీటరు రోగి చేతికే ఇస్తాను. మొగుళ్లను టీ తాగి రమ్మని బయటికి తోలేస్తాను (గయ్యాళి సిస్టరని పేరూ వచ్చింది). మొన్న బీపీ చూపించుకోను కృష్ణగిరి పోయినాను. తల తిరుగుతుందా అమ్మా అని ఆ ఆసుపత్రి చిన్న నర్సు నన్నడిగింది. పక్కనుంచి మా ఆయన, అప్పుడప్పుడు తిరుగుతుందని చెప్పినాడు. ఆ పిల్ల రాసుకుంది. నేను కొంగు సర్దుకొని గోడ చూస్తా కూర్చున్నాను. బస్సెక్కినాక గానీ నాకు వెలగలేదు. నవ్వొచ్చింది. ఆయమ్మ ఇప్పుడుండి ఉంటే, ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్లం.