పెద్దపేగుకు పనిలేని నెలలు

టైఫాయిడ్ ముదిరి నా చిన్నపేగుకు చిల్లు పడినప్పుడు నేను భువనగిరిలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానలో కడుపు కోసి, పాడైన ముక్కను తీసేసి, మిగిలిన చిన్నపేగు కొసను బొడ్డుకు కుడిపక్కన చర్మం మీదికి తెచ్చి కుట్టారు. దానిమీద ఒక సంచి అతికించారు. లోపలి గాయం మానేదాకా, అంటే కొన్ని నెలలపాటు, తిన్నదంతా ఆ సంచిలోకే వస్తుందని, తర్వాత మళ్లీ కోసి పేగును పేగుతో కలుపుతామని చెప్పారు. తెలివి వచ్చాక నేను అడిగిన మొదటి ప్రశ్న నా ప్రాణం గురించి కాదు. "ఎవరెవరికి తెలుసు?" అని.

"నీకు, నాకు, మీ బాపుకు. ఇంకెవ్వలకు తెల్వది, తెల్వనియ్య" అంది అమ్మ.

ఊరికి 'అపెండిసు ఆపరేషన్' అని చెప్పాం. కాలేజీ వాదపోటీల్లో ఎదుటి పక్షం ఆధారం లేకుండా ఒక్క మాటన్నా లేచి నిలబడి అభ్యంతరం చెప్పే అలవాటు నాది. మా ఇంటి అబద్ధానికి మాత్రం నాకు ఏ అభ్యంతరమూ తోచలేదు. పైగా, ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగితే ఏం చెప్పాలో అమ్మకు నేనే నేర్పాను.

దవాఖాన నుంచి పంపేముందు నర్సు నాకు బొమ్మ గీసి వివరించింది. అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు, ఆ తర్వాత కడుపు చుట్టూ అంచులా తిరిగే పెద్దపేగు. చిన్నపేగు అన్నంలోని సారాన్ని తీసుకుంటుంది; మిగిలిన పలచని పదార్థంలోంచి నీటిని, ఉప్పును ఒంట్లోకి లాగి గట్టిపరిచేది పెద్దపేగు. నా సంచి పెద్దపేగు కంటే ముందే ఉంది కనుక ఇక్కడ నీళ్లు లాగే పేగుకు పనే లేదు. "అందుకే మిగతావాళ్లకంటే నువ్వే ఎక్కువ తాగాలి. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. మానేస్తే మళ్లీ మా దగ్గరికే వస్తావు" అంది.

ఇంటికి వచ్చాక బాపుకు నేనూ అట్లాగే వివరించాను. మాది మగ్గం ఇల్లు. అమ్మ ఆసు పోసేది: అర్ధచక్రంలా నాటిన మేకుల మధ్య నూలును అటూ ఇటూ తిప్పుతూ పోతే, ఒక గోడంత జాగాలో ఎంతో పొడవైన పోగు ఒదిగిపోతుంది. చిన్నపేగు కడుపులో అట్లా మడతలు పడి ఉంటుందని చెబితే బాపు చాలాసేపు ఆసు వైపే చూశాడు.

"గంత పొడుగుదాన్ని దేవుడు గింతల సర్దిండా? మీ అమ్మయితే మూడుసార్లు తెంపుతుండె."

"నేను తెంపితె ముడేసుకుంటగని, నువ్వు నేసేటప్పుడు తెంపుతె ఎవలు ముడెయ్యాలె?" అంది అమ్మ.

మా ఇంట్లో ఆ రోజుల్లో వినిపించిన నవ్వు అదొక్కటే. సంచి నవ్వనిచ్చేది కాదు. చర్మం మీదికి వచ్చిన పేగు కొస ఎర్రగా, తడిగా ఉండేది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. నా మాట వినదు, నన్ను అడగదు. గాలి వచ్చినప్పుడు గుడగుడమని, ఒక్కోసారి అంతకంటే హీనంగా చప్పుడు చేసేది. కిందనున్న క్లిప్పు తీసి బాత్రూంలో ఖాళీ చేసేటప్పుడు నేను ముఖం గోడవైపు తిప్పుకునేదాన్ని. అక్కడ నన్ను చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా.

మా మేనత్త, అంటే బాపు అక్క, మహబూబ్‌నగర్ నుంచి నన్ను చూడటానికి సంచీ నిండా బత్తాయిలతో వచ్చింది. కూర్చుంటూనే "కుట్లు చూపియ్యే కోడలా" అంది.

"కట్టు విప్పద్దన్నరు వదినె" అని అమ్మ అడ్డం వచ్చింది.

"నేనేమన్న ఇప్పి పట్కపోతనా? మా ఆడిబిడ్డకు గిదే అపెండిసు అయింది. గింతే గీత. నెల తిరగకముందే కల్లంల వడ్లు ఎత్తింది. నీ బిడ్డ చూడు, గవర్నరమ్మ లెక్క పండుకుంది."

సరిగ్గా అప్పుడే నా కడుపు దగ్గర చప్పుడు మొదలైంది. అమ్మ దగ్గింది. గుంట మగ్గంలో ఊరికే కూర్చుని ఉన్న బాపు ఒక్కసారిగా నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసరడం మొదలుపెట్టాడు. టకటక, టకటక. ఇంట్లోకి ఎవరొచ్చినా బాపు అట్లాగే చేసేవాడు. వచ్చినవాళ్లు పలకరిస్తే జవాబివ్వకుండా నేస్తున్నాడని, బిడ్డ మంచానపడినా ఇతనికి మగ్గమే ఎక్కువైందని వాడకట్టులో అనుకున్నారు. ఆ మాట కూడా పడ్డాడు గానీ చెయ్యి ఆపలేదు.

"అక్క వచ్చి కూసుంటె గీనికి నేతే పడ్డది" అని అత్త గట్టిగా కేకేసింది. తర్వాత అసలు విషయం చెప్పింది: మనుమడిని ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ. "అందరు రావాలె. పిల్లను తోలుకరాకుంటె మా దిక్కోళ్లు ఏదో రోగమే అనుకుంటరు."

కాదనడానికి మా దగ్గర కారణం లేదు. అపెండిసు అయినవాళ్లు కల్లంలో వడ్లు ఎత్తగలిగితే తొట్టెలకూ రాగలరు. మేము చెప్పిన అబద్ధమే మమ్మల్ని బస్సు ఎక్కించింది.

బస్సు ప్రయాణమంటే ముందునుంచే నీళ్లు మానేయడం మా ఆడవాళ్లందరికీ అలవాటు. దారిలో దిగే వీలుండదు, దిగినా శుభ్రమైన జాగా ఉండదు. చిన్నప్పటి నుంచీ అమ్మ అట్లాగే చేసింది, నాకూ అదే నేర్పింది. పైగా ఆమె నాకు పెట్టే పత్యంలో ఉప్పు లేదు. ఉప్పు తింటే కుట్లు నీరు పడతాయని నమ్మకం. నాకు నర్సు మాట గుర్తుంది. పేగుల పేర్లు వరసగా చెప్పగలను. అయినా ముందురోజు నుంచి నోరు తడుపుకోవడం తప్ప తాగలేదు. నోట్లోకి పోనిది సంచిలోకి రాదని నాకు నేను వాదించుకున్నాను. ఎదుటివాళ్లు ఆ వాదం చేసి ఉంటే ఒక్క నిమిషంలో కొట్టేసేదాన్ని. పేగు తన లోపలి నుంచి తానే రసాలను ఊరుస్తుంది, వాటిని తిరిగి లాగాల్సిన పెద్దపేగు నాకు పనిచేయడం లేదు. అంతా తెలుసు. తెలిసిన విషయం సిగ్గు ముందు నిలవలేదు.

రెండు బస్సులు మారి మహబూబ్‌నగర్ చేరేసరికి ఎండ మాడుతోంది. అత్త ఇంట్లో ఆడవాళ్లు తొట్టెల చుట్టూ కూర్చుని పాడుతున్నారు. ఆ పాటల గోలలో నా కడుపు చప్పుడు ఎవరికీ వినిపించదని మొదట సంతోషపడ్డాను. సంచి మాత్రం ఆగలేదు. అన్నం విస్తరి ముందు కూర్చున్నప్పుడు పిక్కలు పట్టేశాయి. తర్వాత చేతివేళ్లు వంకర్లు పోయాయి. లేవబోతే గోడ పక్కకు ఒరిగింది.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్లారు. అమ్మ ఒక పక్క, అత్త ఒక పక్క. బాపు మగవాళ్ల పంక్తిలో ఉన్నాడు, వెనక వస్తాడన్నారు. డాక్టరమ్మ నాకంటే నాలుగైదేళ్లే పెద్దది కావచ్చు. నాడి చూసింది, నాలుక చాపమంది.

"ఈమెకు ఏమన్నా ఆపరేషన్లు అయినయా?"

అమ్మ అత్త ముఖం చూసింది. "అపెండిసు" అంది.

"వాంతులా? విరేచనాలా?"

"ఏం లేవు."

"ఏమీ లేకుండా ఒంట్ల నీళ్లు ఇంతగనం ఎట్ల ఎండిపోతయమ్మా?"

చెప్పవలసింది నేను. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. నిజానికి నాలుక ఒక్కటే కారణం కాదు. అక్కడ అత్త ఉంది, పక్క మంచం మనుషులున్నారు, తెర కూడా సరిగ్గా మూయలేదు. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. నా కుర్తా అంచు నేనే పట్టుకుని పైకెత్తాను. సంచి నిండి ఉబ్బి ఉంది.

అమ్మ కొంగుతో కప్పబోయింది. డాక్టరమ్మ ఆమె చేతిని పక్కకు జరిపి, సెలైన్ పెట్టమని సిస్టర్‌కు చెప్పి, ముందు ఆ సంచి ఖాళీ చేయమంది. క్లిప్పు తీయడం అమ్మకు రాలేదు. ఎట్లా తీయాలో నన్ను అడిగి ఆ పని చివరికి అత్తే చేసింది. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుంది. "వాసన అస్తలేదని అబద్ధం చెప్ప. అస్తాంది" అంది. నేను కళ్లు మూసుకున్నాను. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత సిగ్గు నేను ఎరగను.

రెండో సీసా సగమయ్యాక వేళ్లు సాగాయి. అత్త మంచం అంచున కూర్చుంది.

"గిందుకా నీళ్లు తాగకుంటివి?"

"ఊఁ."

"చస్తుంటివి కదనే."

మళ్లీ ఆమే అంది: "ఇంటిదగ్గర అందరు అడుగుతరు. ఏమైందని చెప్పాలె? నువ్వు ఏది చెప్పమంటె గదే చెప్త. అపెండిసే అంటె అపెండిసే."

అమ్మ నావైపు చూసింది. నేను ఏమనాలని ఆమె కోరుకుంటున్నదో నాకు తెలుసు. నేను కోరుకున్నదీ అదే. కానీ అపెండిసు అయినదానికి ఉప్పునీళ్లు ఎందుకో, గంటగంటకూ లేచి వెళ్లడం ఎందుకో రేపు మళ్లీ ఒక మాట కల్పించాలి. ఆ మాటకోసం ఇంకోరోజు దాహంతో ఉండాలి.

"పేగు బయటపెట్టి సంచి కట్టిన్రని చెప్పు" అన్నాను.

ఎంత మెల్లగా అన్నానంటే, అత్త చెవి దగ్గరికి తెచ్చి "ఆఁ?" అంది. పక్క మంచం మనుషులు ఇటే చూస్తున్నారు. అదే మాట రెండోసారి, ఆమెకు వినపడేంత గట్టిగా, చెప్పవలసి వచ్చింది.