మలుగు చేపకు నేను పోసిన ఊపిరి

ఒకే సాయంత్రం తన చదువునూ పరువునూ పెళ్లినీ కలిపి కట్టగట్టి నీళ్లలో ముంచడం ఎలాగో ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే మొహమాటపడకుండా నన్ను అడగండి. మాటవరసకు అనడం లేదు. నిజంగానే నీళ్లలో ముంచాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండలో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. నాకు తెలియని ప్రాణి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని నమ్మే వయసు. కోస్గి దగ్గర గొర్రెలు పెంచే యాదయ్య గారు, తన కూతురు స్వరూపను నాకివ్వచ్చా లేదా తేల్చుకుందామని ఆమెను వెంటబెట్టుకుని బస్సులో వచ్చారు. మనిషిని కూర్చోబెట్టి చూస్తే ఏమీ తెలియదు, నడిపించి చూడాలన్నది ఆయన పద్ధతి. పొట్టేళ్లను కొనేటప్పుడూ అంతేనట.

ఊళ్లో అప్పుడే సముద్రపు చేపల ప్రదర్శన పెట్టారు. పెద్ద రేకుల షెడ్డు, లోపల వరసగా అద్దాల తొట్లు. నా పాండిత్యానికి అంతకన్నా మంచి వేదిక ఎక్కడ దొరుకుతుంది?

"నడువు మామా, అన్ని నేను చెప్త," అన్నాను. సంబంధం ఇంకా కుదరలేదు. మామా అనడం మాత్రం పొద్దుటి నుంచే మొదలుపెట్టాను.

ప్రతి తొట్టి దగ్గరా ఆగి పాఠం చెప్పాను. యాదయ్య గారు ఓపిగ్గా తలూపారు. చివరి తొట్టి దగ్గర నా నోరు మూతపడింది.

రాళ్ల సందులోంచి ఒక తల బయటికి చూస్తోంది. నా పిడికిలికి రెండింతలుంటుంది. తెల్లటి చర్మం నిండా నల్లని మచ్చలు, తేనెపట్టును తీసి ఒంటికి చుట్టుకున్నట్టు. కన్ను ఆర్పడం లేదు. నోరు మాత్రం తెరుస్తోంది, మూస్తోంది. తెరిచినప్పుడల్లా సూదుల్లాంటి పళ్లు. అద్దం మీద 'మోరే ఈల్, పగడపు దిబ్బల్లో ఉండే మలుగు చేప' అని రాసి ఉంది.

"గిదేంది సారూ, గిట్ల నోరు తెరుస్తాంది?" అన్నారు యాదయ్య గారు.

నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు.

"గాలి అందుతలేదు మామా. పానం పోతాంది దానికి!"

"ఊపిరి తీస్కునుడే గట్లుందేమో," అంది స్వరూప మెల్లగా.

నేను గురువులా నవ్వాను. తొట్టి వెనక్కి తొంగి చూస్తే పక్కన ఒక మోటారు, దాని తీగ ఊడి వేలాడుతోంది. దొరికింది! గాలి మోటారు ప్లగ్గు పెట్టడం మరిచిపోయారు, దుర్మార్గులు! ఎవరినీ అడగకుండా తీసుకెళ్లి గోడ సాకెట్లో గుచ్చాను.

ఢమ్మని మోత. షెడ్డంతా చీకటి.

మోత తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఇంకా భయంకరం. అప్పటిదాకా బుడబుడలాడుతున్న తొట్లు ఒక్కసారిగా మూగబోయాయి. ప్రదర్శన నడిపే సత్యవతమ్మ గారు, కాకినాడ వైపు మనిషి, సెల్‌ఫోను లైటు వేసుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఎవరండీ ప్లగ్గు పెట్టింది? అది కాలిపోయిన మోటారండీ బాబూ, పారెయ్యడానికి పక్కన పెట్టాం!"

"ఊపిరాడక చస్తాందని..." అని నసిగాను.

"అది ఊపిరి పీల్చుకునే తీరే అంతండీ! నోటితో నీళ్లు తీసుకుని మొప్పల్లోకి తోసుకుంటుంది. చావడం లేదది. ఇప్పుడు చస్తాయి మిగతావి!"

ఫ్యూజు వేయడానికి మనిషి వెళ్లాడు. ఈలోగా మగ్గులతో నీళ్లు ముంచి, పైనుంచి ధారగా పోస్తుంటే కాస్త గాలి కలుస్తుందన్నారామె. చూడటానికి వచ్చిన వాళ్లంతా కదిలారు. యాదయ్య గారు తలగుడ్డ బిగించి ఒక తొట్టి దగ్గర, స్వరూప చున్నీ నడుముకు చుట్టుకుని ఇంకో తొట్టి దగ్గర నిలబడ్డారు. సత్యవతమ్మ గారు నన్ను పట్టుకెళ్లి మలుగు చేప తొట్టి ముందు స్టూలెక్కించి, మూత జానెడు తీసి, పొడుగు కాడ ఉన్న గరిటె చేతికిచ్చారు.

"ఆపకుండా పోయండి. చెయ్యి మాత్రం నీళ్లలో పెట్టకండి. దానికి గొంతులో ఇంకో దవడ ఉంటుందండీ. బయటి దవడ పట్టుకుంటుంది, లోపలిది ముందుకొచ్చి లోనికి లాక్కుంటుంది."

రెండు దవడలు! జీవశాస్త్రం మాస్టారికి ఆ సంగతి ఆ స్టూలు మీద తెలిసింది.

పదో గరిటె పోస్తుండగా అది బయటికొచ్చింది. ఫోన్ల వెలుగులో ముందు తల, తర్వాత మెడ, తర్వాత... అయిపోదే! మూరలకు మూరలు జారుతూనే ఉంది. రెక్కలు లేవు. వీపు పొడవునా ఒకే అంచు, గాలికి చీర కుచ్చెళ్లు కదిలినట్టు అలలాడుతోంది. అంత పెద్ద ఒళ్లు మలుపు తిరిగితే నీటి మీద చిన్న ముడత కూడా పడలేదు. అది పైకి లేచి, నా గరిటెకు బెత్తెడు దూరంలో ఆగి, నా వైపు చూసింది. నోరు తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. నా గుండె కూడా ఆ తాళానికే కొట్టుకుంది. భయం వేసింది, కానీ పారిపోవాలనిపించలేదు. సముద్రం మొహం చూడని నల్గొండ మనిషిని వెతుక్కుంటూ, సముద్రమే తల బయటపెట్టినట్టుంది.

"అబ్బా!" అన్నారు యాదయ్య గారు పక్క తొట్టి నుంచి. "ఎంత సక్కగ చేసిండు దేవుడు!" వెంటనే, "ఆగకు బిడ్డా, నీళ్లు పొయ్యి!"

పోశాను. భుజాలు పడిపోయేదాకా పోశాను. చివరికి లైట్లు వెలిగాయి, తొట్లు మళ్లీ బుడబుడలాడాయి. ఒక్క చేపా చావలేదు. చెమట తుడుచుకుంటూ, "దీన్ని బతికించిన కదమ్మా!" అన్నాను.

సత్యవతమ్మ గారు నా చేతిలోంచి గరిటె తీసుకున్నారు.

"దాని మోటారు బ్యాటరీది బాబూ, రాళ్ల వెనకాల ఉంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు."

"మరి నాతోని గంతసేపు ఎందుకు పోయించిండ్రు?"

"చేతులు ఖాళీగా ఉంటే ఇంకో ప్లగ్గు పెడతారేమోనని!"

స్వరూప తొట్టికి ఆనుకుని కూలబడి నవ్వింది.

బస్టాండులో యాదయ్య గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "పిల్లనిస్త సారూ. నీకు తెల్వదు, గది వేరే ముచ్చట. పానం పోతాందనంగనే ఉరికినవు, గది నచ్చింది నాకు. గని నా గొర్ల మందకాడికొస్తే మాత్రం... ఏదీ ముట్టకు."

అందుచేత చదువరులారా, కుడిచెయ్యి గుండె మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నోరు తెరిచి మూసే ఏ ప్రాణినీ కాపాడబోను. ముందుగా నా నోరు మూసుకుని, స్వరూపను అడుగుతాను.