అడిగి పాడవలసిన పాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో చర్చ మొదలైందంటే నాకు భయం పట్టుకునేది. అప్పటికి అమెరికాలో మేమున్న షామ్‌బర్గ్‌లో తెలుగు కుటుంబాలు పట్టుమని పది కూడా లేవు. నెలకోసారి శనివారం మధ్యాహ్నం అందరూ మా ఇంట్లో చేరేవారు. నాన్న హేతువాది. దేవుడు, దెయ్యం, జాతకం, కులం, ఏది దొరికినా చీల్చి చెండాడేవాడు. ఆయన వాదించిన వాటిలో చాలా భాగం నిజమే. ఇవాళ నేను వ్యాసాల్లో రాస్తున్నదీ అదే. కానీ ఆయన గెలిచినప్పుడల్లా మాకు ఒక మనిషి తగ్గేవాడు. బైబిల్లోని నోవహు ఓడ మీద వాదన జరిగాక మా మామయ్య రావడం మానేశాడు. అమ్మ చర్చికి వెళ్లే మనిషి. ఆ తరవాత చాలాకాలం తమ్ముడి ఊసు ఎత్తలేదు.

అందుకే పక్కింటి ఆంటీని ఒక శనివారం భోజనానికి పిలిచారని తెలిసి నాకు గుబులు పుట్టింది. ఆవిడ ఆస్ట్రేలియా ఆదివాసి. అక్కడి ఎడారి ప్రాంతంలో పుట్టి, పెద్ద చదువు చదివి, ఇక్కడి కాలేజీలో సంగీతం చెప్పడానికి వచ్చింది. అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను ఆవిడ ఇంట్లోనే ఉండేదాన్ని. రొట్టె కాల్చి వెన్న రాసి ఇచ్చేది. పియానో మెట్ల మీద నా వేళ్లు పెట్టి దిద్దేది. ఆవిడ కూడా మామయ్యలాగే దూరమైతే, బడి నుంచి వచ్చి తాళం తీసుకుని ఖాళీ ఇంట్లో కూర్చోవలసింది నేను.

భోజనాలయ్యాక, సృష్టి గురించి మీవాళ్లేం చెబుతారని నాన్న అడిగాడు. పిల్లలకు చెప్పే కథ చెబుతానని ఆవిడ మొదలుపెట్టింది. మొదట నేలంతా చదునుగా, చప్పుడు లేకుండా ఉండేదట. నేల కడుపులోంచి పూర్వీకులు లేచి పాడుకుంటూ నడిచారట. వాళ్లు కూర్చున్న చోట కొండ వెలసింది, తవ్విన చోట నీళ్లు ఊరాయి. పని అయ్యాక మళ్లీ నేలలోకే వెళ్లి పడుకున్నారు. వాళ్లు నడిచిన దారి పాటలో ఉంది. వరస తప్పకుండా పాడుకుంటూ నడిస్తే తరవాతి నీళ్ల దగ్గరకు చేరతాం.

"ప్రూఫ్ ఏమిటి?" అన్నాడు నాన్న.

"ఆ నీళ్లు తాగాను," అంది ఆవిడ.

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నాకు కాస్త ఊపిరాడింది.

అంతలో ఆయన టేప్ రికార్డర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోష్ఠిలో మంచి విషయం వస్తే రికార్డ్ చేయడం ఆయన అలవాటు. బటన్ నొక్కి ఆ పాట పాడమన్నాడు. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, పాడలేనంది. ఆ పాట ఆ నేలది, దాన్ని కాపాడే పెద్దలది. వాళ్లను అడగకుండా పాడే హక్కు తనకు లేదంది.

వాదనకు పట్టు దొరికినప్పుడు నాన్న కళ్లు ఎలా మెరుస్తాయో నాకు తెలుసు. ఆయన మావాళ్ల వైపు తిరిగి, "చూశారా, చెవిలో మంత్రం చెప్పే మన గురువుగారి కథే ఇదీను. బయటపెడితే పవర్ పోతుందట," అన్నాడు. "ముందు గుండు కొట్టించుకు రమ్మంటుందేమో అడగండి సార్," అని ఒక అంకుల్ అందుకున్నాడు. ఆవిడకు తెలుగు రాదు, నవ్వు మాత్రం అర్థమైంది. "ఊరుకోండి, మన ఇంటికొచ్చిన మనిషి," అంది అమ్మ లోగొంతుతో. నాన్న వినలేదు. మా గురువుల రహస్య మంత్రాల్లాగే, దాచిపెట్టే జ్ఞానమంతా మోసమేనని ఇంగ్లీషులో ఆవిడతోనే అన్నాడు. ఇక ఆవిడ లేచి వెళ్లిపోతుందని నేను తల వంచుకున్నాను.

ఆవిడ లేవలేదు, గొంతు పెంచలేదు. తన అమ్మమ్మను చిన్నతనంలో మిషన్ బడిలో ఆ పాట పాడినందుకు కొట్టారని చెప్పింది. అదే అమ్మమ్మ ముసలిదయ్యాక, ఇలాంటి పెట్టె పట్టుకుని ఎవరో వచ్చి పాడమన్నారట. ఆమె నమ్మి పాడింది. ఇప్పుడు ఆ పాట ఏ దేశంలో, ఏ బీరువాలో ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. "మీ గురువు దాచుకుని పెద్దవాడవుతాడు. నేను దాచి ఏమవుతున్నాను?" అని అడిగింది.

టేపు ఇంకా తిరుగుతోంది. నాన్న చెయ్యి చాచి రికార్డర్ ఆపి, తన దగ్గర సమాధానం లేదని మొదటిసారి ఒప్పుకున్నాడు. ఈ టేపులో మీ మాట ఉంది, ఏం చేయమంటారని ఆవిడనే అడిగాడు. నేను పాడననడమూ, మీరు నవ్వడమూ ఉండనివ్వండి, అమ్మమ్మ సంగతి మాత్రం చెరిపేయండి అంది ఆవిడ. నాన్న అందరి ముందూ చెరిపాడు.

సోమవారం బడి నుంచి వచ్చి ఆవిడ తలుపు తట్టాను. ఆవిడ తలుపు తీసింది.

పూర్వీకులు పాడితే కొండలు లేచాయని నేను నమ్మను. పెద్దయ్యాక ఆ మాట ఆవిడతోనే అన్నాను, నొచ్చుకోలేదు. అమ్మమ్మ సంగతి ఇక్కడ రాసే ముందు కూడా ఆవిడనే అడిగాను, రాయమంది. రహస్య మంత్రాలతో జనాన్ని ముంచేవాళ్ల మీద నా కలం మెత్తబడలేదు, మెత్తబడదు. కానీ ఎవరైనా "చెప్పలేను" అంటే, అది మోసమనే ముందు, ఆ మౌనం ఎవరికి బలమిస్తోంది, దాన్ని బద్దలు కొడితే ఎవరి నోట మట్టి పడుతుంది అని చూస్తాను. ఒక్కోసారి తేల్చుకోలేను. ఎదుటివాళ్లు లేచి వెళ్లిపోతారేమోనన్న దిగులు కదులుతుంది. వాదించేవాళ్లకు అది పనికిరాదని మిత్రులు అంటుంటారు. ఆ దిగులు లేకుండా వాదించడం ఎలా ఉంటుందో నేను మా ఇంట్లో చూశాను.