ఫ్లెక్సీలో పెద్ద ఫొటో

నేను ఇబ్రహీంపట్నంలో ఒకసారి చచ్చిపోయాను. ఉత్తుత్తి మాట కాదు, చౌరస్తాలో ఫ్లెక్సీ కూడా కట్టారు. ఫొటోకు దండ వేశారు, కింద దీపం పెట్టారు, నా ఆత్మకు శాంతి కలగాలని కోరారు. ఆ ఫ్లెక్సీకి ఆర్డరిచ్చినవాణ్ణీ నేనే, డిజైను బాగుందని ఒప్పుకున్నవాణ్ణీ నేనే. తన చావును తానే ప్రింటుకిచ్చుకున్న మొనగాడు మా మండలంలో ఇంకొకడు ఉంటే వచ్చి నాతో కరచాలనం చెయ్యొచ్చు. ఎట్లా చచ్చానో, ఆ చావులో ఏం పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వు వచ్చినంతసేపు మొహమాటం లేకుండా నవ్వండి.

నా పేరు మహిపాల్. సాగర్ రోడ్డు మీద నాకు మోటర్ వైండింగ్ దుకాణం ఉంది. రైతులు కాలిపోయిన బోరు మోటర్లు తెచ్చి పడేస్తే, పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుట్టడం నా పని. ఈ పనిలో చేతులకు తీరిక ఉండదు, నోటికి మాత్రం పొద్దంతా సెలవే. ఆ ఖాళీ నోటికి దొరికింది ఒక ఇంగ్లీషు జాంబీల సీరియల్. ఏదో రోగంతో చచ్చినవాళ్లు లేచి తిరుగుతూ బతికున్నవాళ్లను కరుస్తుంటే, మిగిలిన పిడికెడు మంది ఎట్లా ప్రాణాలు కాపాడుకున్నారన్నది కథ. వారానికొక భాగం, శనివారం సాయంత్రం వచ్చేది. పక్కన మొబైల్ దుకాణం నడిపే సత్తి, ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే రజిత టీచర్, నేను, ముగ్గురం సత్తి దుకాణంలో షట్టర్ సగం దించి చూసేవాళ్లం. చూసిన తర్వాత వారమంతా దాని మీదే వాదించుకునేవాళ్లం. దానికి ‘బతికినోళ్లు’ అని వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాము. మా ముగ్గురితో మొదలై ఊళ్లో సగం మంది కుర్రకారు అందులో చేరారు. అడ్మిన్‌ని నేను. ఆ పదవి తలకెక్కి, సర్పంచుకు కూడా నమస్కారం చెయ్యడం తగ్గించాను.

మా చర్చలు మామూలువి కావు. జాంబీలు ఇబ్రహీంపట్నం మీద పడితే ఎటు పోవాలన్న దాని మీదే వారాలు గడిచాయి. నాదర్‌గుల్ పోయి అక్కడ పైలట్లకు నేర్పే చిన్న విమానమెక్కి ఎగిరిపోదామని సత్తి అనేవాడు. స్కూటీ నడపడం రానివాడు విమానం నడుపుతాడట. పెద్ద చెరువు మధ్యకు తెప్ప మీద పోదాం, జాంబీలకు ఈత రాదు అని నా సిద్ధాంతం. వాటికి ఊపిరే అక్కర్లేనప్పుడు ఈతెందుకు, నీళ్ల అడుగునే నడుచుకుంటూ వస్తాయని రజిత టీచర్ ఒక్క మాటతో నన్ను ముంచేసింది. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఆ సీరియల్లో మా ప్రాణం డ్రైవర్ తాత. అసలు పేరు ఏదో నోరు తిరగనిది, మేం పెట్టుకున్న పేరు అది. ముసలాయన, పాత బస్సు ఒకటి నడుపుతూ దారిలో దొరికినవాళ్లనల్లా ఎక్కించుకుని కాపాడేవాడు. ఒక శనివారం ఏమైందంటే, ఎప్పుడో గొడవపడి విడిపోయిన తన తమ్ముడు వెనక ఊళ్లో చిక్కుకుపోయాడని తాతకు తెలిసింది. బస్సు తాళం ఇంకొకరి చేతిలో పెట్టి, దిగి, జాంబీల మధ్యలోకి నడుచుకుంటూ పోయాడు. తలుపు మూసుకుంది, తెర చీకటైంది. నేను సత్తి దుకాణంలో బల్ల మీద తల పెట్టి ఏడ్చాను.

ఎందుకు అంతగా ఏడ్చానో చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

మా అన్న జంగయ్య యాచారం పక్కన మా సొంతూళ్లోనే ఉండి వ్యవసాయం చేస్తాడు. బాపు పోయాక మిగిలిన భూమి మా ఇద్దరిదీ. సర్కారువాళ్లు భూములు తీసుకుంటున్నారని తెలిసినప్పుడు అన్న ఇవ్వనని పట్టుబట్టి కూర్చున్నాడు. నేను అన్నకు చెప్పకుండా పోయి నా వాటాకు సంతకం పెట్టి వచ్చాను. ఆ సంగతి తెలిసిన రోజు అన్న నా దుకాణానికి వచ్చి, మోటర్లు తెచ్చిన రైతులందరి ముందు ఒక మాట అని పోయాడు.

“నువ్వు సచ్చినవని తెల్సినా నీ గడప తొక్క.”

అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి మోసినవాడు అన్న. నాకు అన్న కావాలి. ఆ సంగతి నాకు తెలుసు, నా భార్య సునీతకు తెలుసు, ఫోన్లో అన్న నంబరు మీద పెట్టి తీసేసే నా వేలికి తెలుసు. కానీ మొదట ఆయనే మాట్లాడాలని నా పొగరు. తప్పు నాదే అయినా సరే, ఆయనే రావాలి. చూశారా న్యాయం.

ఇదిగో, ఇట్లాంటివాణ్ణి ఆ రోజు సత్తి దుకాణంలో కళ్లు తుడుచుకుని, డ్రైవర్ తాతకు చౌరస్తాలో నివాళి ఫ్లెక్సీ కట్టాలని ప్రకటించాను. మా వైపు మనిషి పోతే ఫ్లెక్సీ లేకుండా పోయినట్టు కాదు కదా. తాత చావలేదని రజిత టీచర్ వాదన. శవాన్ని చూపించలేదు కాబట్టి ఆయన బతికే ఉన్నాడట. నాకు ఒళ్లు మండింది.

“మీ అన్నకు ఒక్క ఫోన్ చెయ్యవు గని, టీవీల తాతకు ఫ్లెక్సీ కడ్తవా?” అంది ఆమె.

“గది వేరే, గిది వేరే” అన్నాను. ఏది ఎట్లా వేరో మాత్రం చెప్పలేదు.

నా ఫోన్లో చార్జింగ్ లేదు. సత్తి ఫోన్ తీసుకుని, ఫ్లెక్సీలు కొట్టే యాదగిరికి ఫొటోలు పంపాను. తాతది ఒకటి, నాది ఒకటి, సత్తిది, గ్రూపులో కుర్రాళ్లవి కొన్ని. కింద రాశాను: నివాళి ఫ్లెక్సీ, మహిపాల్ ఫొటో మాత్రం పెద్దగా పెట్టు, మిగతావి కింద వరుసలో చిన్నగా. అడ్మిన్ ఫొటో అందరిలో కలిసిపోతే ఇక అడ్మిన్ అయి లాభమేముంది? నివాళి ఫ్లెక్సీలో పెద్ద ఫొటో ఎవరిదో మా దగ్గర చంటిపిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదు, అంతే.

కాసేపటికి యాదగిరి వాయిస్ మెసేజ్ పెట్టాడు. గొంతు బొంగురు పోయింది.

“మస్తు మంచోడుండె అన్నా. గింత జల్ది పోతడనుకోలె.”

యాదగిరి కూడా మా సీరియల్ చూస్తున్నాడని ఎంత సంతోషపడ్డానో. “అవ్. అందరికీ గదే బాధ. పొద్దుగాల్ల వరకు చౌరస్తల కట్టియ్యి” అని సత్తి ఫోన్ నుంచే రాశాను. తర్వాత అతను డిజైను పంపాడు. అప్పుడు నేను రజిత టీచర్‌తో శవం కనబడకుండా మనిషి చావొచ్చా చావకూడదా అన్న వాదనలో పీకల్లోతు మునిగి ఉన్నాను. బొమ్మ తెరవకుండానే బొటనవేలు గుర్తు కొట్టాను.

మరునాడు ఆదివారం. ఫోన్ ఇంట్లోనే వదిలేసి, సంచి పట్టుకుని మటన్ కోసం చౌరస్తాకు పోయాను. దుకాణం ముందు పెద్ద వరుస ఉంది. వరుసలో చివరివాడు వెనక్కి తిరిగి నన్ను చూసి పక్కకు జరిగాడు. తర్వాతివాడూ జరిగాడు. చూస్తుండగానే మొత్తం వరుస రెండుగా చీలి నాకు దారిచ్చింది. సంఘంలో నా స్థానం ఇన్నాళ్లకు గుర్తించారని అనుకున్నాను, ఒట్టు. కొట్టేవాడు కత్తి గాలిలోనే ఆపి, అడక్కుండానే మంచి ముక్కలు సంచిలో వేసి, నన్ను ముట్టుకోకుండా దూరం నుంచి అందించాడు. ఒక ముసలమ్మ నా కాళ్లు నేల మీద ఆనుతున్నాయా లేదా అని వంగి చూసింది. వెనక్కి తిరిగితే అప్పుడు కనబడింది ఫ్లెక్సీ. నిలువెత్తు నేను, మెడలో దండ, కింద దీపం, పేరు, అశ్రునివాళి. అడుగున చిన్న చిన్న గుండ్రాల్లో దుఃఖిస్తున్నవాళ్లు. వాళ్లలో డ్రైవర్ తాత కూడా ఉన్నాడు, నా చావుకు ఆయన బాధపడుతున్నాడు. ఆ తెల్లాయన ఎవరో నాకు ఫారిన్ దోస్తు అయ్యుంటాడని తాను అనుకున్నట్టు యాదగిరి తర్వాత చెప్పాడు.

సంచి పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. బతికున్నవాళ్లంతా నాకు దూరం జరుగుతున్నారు. సీరియల్లో జాంబీలకు ఎట్లా ఉంటుందో ఆ దారిలోనే తెలిసింది నాకు.

ఇంటి ముందు అన్న బండి ఉంది.

అన్న మా గడప మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా పొలం బురద, ఆరలేదు. ఒక చేతిలో బంతిపూల దండ, ఇంకొక చేతిలో చచ్చినవాళ్ల మీద కప్పే కొత్త తెల్లగుడ్డ. ఎవరో ఫ్లెక్సీ ఫొటో తీసి ఆయన ఫోన్‌కు పంపారట. పార అక్కడే వదిలేసి వచ్చాడట. నా మీద కప్పడానికి గుడ్డ కొనడం మాత్రం మరిచిపోలేదు. నుదుటి బొట్టుతో నిలబడ్డ సునీతను చూసి ఆయన ఇంకా ఎక్కువగా ఏడుస్తున్నాడు. ఆమె చెప్పిందే చెబుతోంది.

“మటన్ తేను పోయిండు బావా. నా మాట నమ్ము.”

నేను సంచితో వచ్చి ఎదురుగా నిలబడ్డాను. దండను, గుడ్డను చంకలో ఇరికించుకుని అన్న లేచాడు. బురద చేత్తో నా మొహం తడిమాడు. నన్ను గట్టిగా పట్టుకుని, “బతికే ఉన్నవారా” అని భుజం మీద తల పెట్టాడు. అన్న ఒంటి నుంచి మట్టి వాసన, బీడీ వాసన వచ్చాయి. చిన్నప్పటి వాసన. ఇదే కావాలని ఎన్నాళ్ల నుంచో అనుకున్నాను, అది వచ్చి నా మెడ చుట్టూ పడింది. నోరు మూసుకుని నిలబడితే చాలు. తక్కినదంతా దానంతట అదే అయిపోయేది.

కానీ మూసుకుంటే అది నా నోరెందుకవుతుంది?

“సచ్చినా తొక్కనన్నవ్ గద అన్నా. తొక్కినవ్ సూడు” అన్నాను. పైగా నవ్వాను. గ్రూపులో వాదన గెలిచినప్పుడు నవ్వే నవ్వు.

అన్న చేతులు జారాయి. మరి ఫ్లెక్సీ ఎవరి కోసమని అడిగాడు. చెప్పాను. సీరియలని, బస్సని, డ్రైవర్ తాతని, తమ్ముడి కోసం దిగాడని అంతా చెప్పాను. చెబుతున్నకొద్దీ నా మాటలు నేనే వినలేనట్టు ఉన్నాయి, అయినా ఆపలేదు.

“మన బాపు పోయిననాడు ఫ్లెక్సీ కట్టిద్దామంటే, దండగ అన్నవ్” అన్నాడు అన్న.

అప్పుడు నిజంగానే అన్నాను ఆ మాట.

సునీత చెంబుతో నీళ్లు తెచ్చింది. అన్న ముట్టలేదు. చావింట్లో నీళ్లు తాగరు. తెల్లగుడ్డను, దండను గడప మీద పెట్టాడు.

“నీ సావుకు రావాలె, వచ్చిన. అయిపాయె. ఇగ రెండోపారి రాను” అన్నాడు.

బండి స్టార్ట్ చేశాడు. మామూలుగా ఎవరింటి నుంచైనా పోతుంటే ‘పోయొస్త’ అంటాం కదా. చావింటి నుంచి పోయేవాళ్లు మాత్రం ఆ మాట అనరు, చెప్పకుండా పోతారు. అన్న చెప్పకుండానే పోయాడు. ఇంటికి పోయాక బోరు దగ్గర తలకు స్నానం చేసిన తర్వాతే లోపలికి అడుగుపెట్టాడని వదిన సునీతకు ఫోన్లో చెప్పింది. నా మైల కడుక్కున్నాడన్నమాట.

ఆ తర్వాత నేను చాలాసార్లు ఫోన్ చేశాను. ఇప్పుడు వేలు బాగానే కదులుతోంది, అవతల ఎత్తేవాళ్లు లేరు. ఊరికి పోయి వాకిట్లో నిలబడ్డాను కూడా. అన్న పశువులకు గడ్డి వేస్తూ, అక్కడ ఎవరూ లేనట్టు నా పక్క నుంచి నడిచిపోయాడు.

ఫ్లెక్సీని సత్తి ఆ మధ్యాహ్నమే విప్పి తెచ్చాడు. దుఃఖిస్తున్నవాళ్లలో తన ఫొటో బాగా వచ్చిందని దాచుకుంటానన్నాడు. తర్వాతి శనివారం సీరియల్లో ఏమైందో తెలుసా? డ్రైవర్ తాత బతికే ఉన్నాడు. తమ్ముణ్ణి భుజాన వేసుకుని బస్సు దగ్గరికి తిరిగొచ్చాడు. గ్రూపంతా పండగ. శవం చూపించలేదు కాబట్టి తాను ముందే చెప్పానని రజిత టీచర్ రాసింది. ఆ మాట కింద ఏమీ రాయలేక, అడ్మిన్ పదవికి రాజీనామా చేసి బయటికి వచ్చేశాను.

తెల్లగుడ్డ బీరువాలో ఉంది. సునీత పారేద్దామంటుంది, నేను పారెయ్యనివ్వను. దాన్ని ముందు పెట్టుకుని, చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ లోకంలో ఎంత గొప్పవాడు పోయినా, నివాళి ఫ్లెక్సీలో నా ఫొటో అగ్గిపెట్టె కంటే పెద్దగా వేయించను. తెరవని బొమ్మకు బొటనవేలు కొట్టను. నన్ను కావలించుకున్నవాడు వదిలేదాకా నోరు తెరవను. అన్నిటికంటే ముఖ్యం, ఇంకోసారి చావను. ఈసారి నిజంగా చచ్చినా అన్న నమ్మడు. నమ్మినా, రావలసిన చావుకు ఆయన వచ్చి పోయాడు.