వడ కాదు, స్ఫెంజ్

అర్దియాలో నేను పనిచేసే అరబ్బుల ఇంటికి ప్రతి శుక్రవారం ఉదయం మామా అక్కచెల్లెళ్లు వస్తారు. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అనే పిలుస్తాం. వాళ్లకు వేడి వేడి స్ఫెంజ్ ఉండాలి. పులిసిన మైదాపిండిని గాజులా చేసి నూనెలో వేయించే మొరాకో వంటకం అది. పిండిలో తీపి ఉండదు. పైన చక్కెరో తేనో వేసుకుంటారు. చేసేది మొరాకో వంటావిడ. నేను ఆమెను ఖాలా అంటాను, మన పిన్ని లాగా.

ఖాలా సెలవు మీద ఊరికి వెళ్లబోతోంది. ఆమె వచ్చేదాకా వంటగది నాకిమ్మని మామాను అడిగాను. ఈ ఇంట్లో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. వంటగదిలో ఉంటే ట్రేలు మోసుకెళ్లి కొత్తవాళ్ల ముందు తల దించుకుని నిలబడక్కర్లేదు. పిండి పొంగేలోపు స్టూలు మీద కూర్చుని నాలుగు పేజీలు చదువుకోవచ్చు.

"ఈ శుక్రవారం స్ఫెంజ్ నువ్వు చెయ్యి. బాగుంటే వంటగది నీది. లేదంటే వేరే మనిషిని తెస్తా" అంది మామా.

నాకు భయం వేయలేదు. చిన్నప్పటి నుంచి వడలు తట్టినదాన్ని. గురువారం చేసి చూద్దామని, ఖాలా కలిపిన పిండిని తడి ప్లాస్టిక్ కవరు మీద పెట్టి, వేళ్లతో తట్టి, నడుమ చిల్లు చేసి నూనెలో వేశాను. పొంగలేదు. టీ కోసం వచ్చిన డ్రైవరన్న ఒకటి కొరికాడు. ఆయనదీ మా రాయచోటి పక్కే.

"ఏం పాపా, వడలనుకొని తట్టినావా? చెప్పు అట్ట మాదిరుండాది."

"ఊరుకోన్నా, నాకే ఏడుపొస్తాంది."

ఖాలా నా చేతులను నీళ్ల గిన్నెలో ముంచింది. "కొట్టొద్దు బిన్తీ, గాలంతా పోతుంది." బిన్తీ అంటే బిడ్డా అని. ముద్ద తుంచి, బొటనవేలితో పొడిచి, సాగదీసి, కిందికి జారేలోపే నూనెలో వదిలింది. నా వల్ల కాలేదు. ముద్ద అందగానే అరచెయ్యి దానంతటదే తట్టేది. అలా తట్టినప్పుడల్లా ఖాలా గరిటెతో మణికట్టు మీద ఒకటి వేసేది.

శుక్రవారం మాత్రం అరచెయ్యి తట్టలేదు. మొదటి వాయి బుస్సున పొంగింది. ఖాలా పళ్లెం తీసుకెళ్లింది. కాసేపటికి హాల్లోంచి మామా కేక: "యల్లా, ఇటు రా!"

వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను.

"ఇవి చేసిందెవరు?" అని మామా అక్క అడిగింది.

"నేనే."

"వంటగది నీదే" అంది మామా. "ఇంకో పళ్లెం తే. నువ్వే తేవాలి."

దాక్కుందామని అడిగిన వంటగది ఆ పూట నన్ను హాలు చుట్టూ తిప్పింది. ఖాలా నూనె చూసుకుంటుంటే నేను పళ్లేలు మోశాను. ఆఖరి పళ్లెం పెడుతుంటే ఎవరో తేనె ఇటివ్వమన్నారు. తలెత్తి, మనిషిని చూసి, అందించాను.